గడప దాటించిందెవరు?

2018 వేసవిలో న్యూజెర్సీలో అక్క వాళ్ళింట్లో రెండు నెలలున్నాను. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది అది. ఒకరోజు బట్టలు మెషిన్లో వేస్తూ జేబులు తడుముతుంటే, అక్క కూతురి జీన్స్ జేబులోంచి పెన్‌డ్రైవ్ లాంటిదొకటి చేతికి తగిలింది. కంప్యూటర్‌కి పెట్టుకునేదేమోనని బల్లమీద పెట్టాను. సాయంత్రం బావ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. ఆఫీసులో ఎవరో తమ పిల్లాడి గురించి బాధపడుతూ ఫోన్లో ఫొటో చూపించారట.

పిల్లకప్పుడు పదిహేడేళ్ళు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. "మన ఇంట్లో, ఆడపిల్లా!" అన్నాడు బావ. కొడుకు కాలేజీలో సిగరెట్లు కాలుస్తాడని అంతకు రెండేళ్ళ ముందే తెలుసు. అప్పుడు "కాలేజీ కుర్రాళ్ళంతే, మానేస్తాడులే" అన్నది కూడా ఆయనే. ఆ మాట ఆయనకు గుర్తు చేయాలనిపించింది. చేయలేదు. ఎందుకంటే నేను మాత్రం చేసిందేమిటి? ముప్ఫై ఏళ్ళు స్త్రీవాదం మాట్లాడిన మనిషిని, పిల్ల గదిలోకి వెళ్ళి అడిగిన మొదటి మాట, "ఎవరితో తిరుగుతున్నావే నువ్వు?"

అది నవ్వింది. "పిన్నీ, ఇది సిగరెట్ కాదు. ఇందులో పొగే ఉండదు. కావాలంటే వాసన చూడు" అంటూ ముక్కు దగ్గర పెట్టింది. పుచ్చకాయ వాసన. నిజం చెప్పొద్దూ, నా మనసు కాస్త కుదుటపడింది.

2022 డిసెంబర్‌లో అక్కా, పిల్లా విశాఖపట్నంలో మా ఇంటికొచ్చారు. ఒక అర్ధరాత్రి మెలకువొచ్చి డాబా మీదికి వెళితే, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని పిల్ల సిగరెట్ కాలుస్తోంది. పుచ్చకాయ వాసన కాదు, అసలు సిసలు సిగరెట్. తెల్లారాక వంటింట్లో అక్క కాఫీ కలుపుతూ, నా మొహం చూడకుండా అడిగింది: "ఆ దిక్కుమాలిన మెషినే దీన్ని ఇక్కడిదాకా తెచ్చిందంటావా? లేకపోతే దీని బుద్ధే అంతా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచీ దొరికింది దొరికినట్టు చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ ఒకటి తెలిసొచ్చింది. అక్క వంటింట్లో అడిగిన ప్రశ్ననే దాదాపు యాభై ఏళ్ళుగా పెద్ద పెద్ద పరిశోధకులు అడుగుతున్నారు, ఆ రెండు సగాలతో సహా. అందులో రెండో సగం మనకు బాగా పరిచయమున్నదే. "అలాంటి పిల్ల" అనే మాట ఏ భాషలోనైనా, ఎంత శాస్త్రీయంగా అన్నా, దాని వెనక ఎవరున్నారో ఆడవాళ్ళం గుర్తుపట్టగలం.

గడప అనే మాట

ఒక మత్తుపదార్థం మరొకదానికి దారి తీస్తుందనే ఆలోచనకు పరిశోధన రూపం ఇచ్చింది ఒక స్త్రీ. పేరు డెనీస్ కాండెల్. 1933లో ఫ్రాన్స్‌లో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల కాలంలో ఒక కాన్వెంట్‌లో తలదాచుకుని బతికిన మనిషి. అమెరికా వచ్చి సమాజశాస్త్రం చదివి, కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసింది. 1975లో 'సైన్స్' పత్రికలో ఆమె రాసిన వ్యాసం న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు విద్యార్థుల గురించి. పిల్లలు మత్తులోకి ఎలా పడితే అలా దిగరనీ, దానికొక వరస ఉంటుందనీ ఆమె చూపించింది. ముందు బీరూ వైనూ, తర్వాత సిగరెట్లూ ఘాటైన మద్యమూ, ఆ తర్వాత గంజాయి, ఆపైన మిగతావి. అయితే మొదటి మెట్టు ఎక్కిన ప్రతివాళ్ళూ చివరిదాకా పోరని కూడా ఆమే చెప్పింది. వరస ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు.

ఆ జాగ్రత్త జనంలోకి పోలేదు. 1980ల్లో అమెరికాలో మత్తుమందుల మీద యుద్ధం జోరుగా సాగుతున్నప్పుడు 'గేట్‌వే' అనే మాట ప్రచారంలోకొచ్చింది. 1984లో రాబర్ట్ డూపాంట్ పుస్తకం పేరులోనే ఆ మాట ఉంది. మనం దాన్ని తెలుగులో గడప అనుకోవచ్చు. కాకపోతే మన గడపకు వేరే బరువుంది. గడప దాటింది అంటే మన వాడుకలో ఆ ఆడదాన్ని గురించి తీర్పు చెప్పేసినట్టే. గడప అవతల ఏముంది, తలుపు ఎవరు తీశారు అన్న ప్రశ్నలు తర్వాతెప్పుడో వస్తాయి. ఒక్కోసారి రానే రావు.

కాండెల్ కథలో ఇంకో ముచ్చట ఉంది. ఆమె భర్త ఎరిక్ కాండెల్ 2000లో నోబెల్ బహుమతి అందుకున్న నాడీశాస్త్రవేత్త. 2011లో ఆ ఇద్దరూ, సహచర పరిశోధకులూ కలిసి ఎలుకల మీద ప్రయోగం చేశారు. కొన్నింటికి తాగే నీళ్ళలో నికోటిన్ కలిపి కొన్నాళ్ళిచ్చి, తర్వాత కొకైన్ ఇచ్చారు. వాటి మెదడు కొకైన్‌కు మామూలుకన్నా ఎక్కువగా స్పందించింది. వరస తిరగేసి ముందు కొకైన్, తర్వాత నికోటిన్ ఇస్తే ఆ తేడా రాలేదు. అంటే వరసకే ఒక పని ఉంది. భార్య 1975లో బడిపిల్లల్లో చూసినదాన్ని ముప్ఫై ఆరేళ్ళ తర్వాత భర్త ప్రయోగశాల పరీక్షించింది. అయినా ఆమెను ఇప్పటికీ చాలాచోట్ల నోబెల్ గ్రహీత భార్యగానే పరిచయం చేస్తారు.

ఇక మా పిల్ల చేతిలోని వస్తువు సంగతి. ఇ-సిగరెట్‌ను ఇప్పుడున్న రూపానికి తెచ్చింది చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు, 2003లో. ఆయనా సిగరెట్లు తాగేవాడే. తండ్రి ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు. మానడానికి దారి వెతుక్కుంటూ చేసిన వస్తువది. సిగరెట్ మానాలనుకునే పెద్దవాళ్ళకు అది నికోటిన్ పట్టీలకన్నా, చూయింగ్ గమ్ములకన్నా ఎక్కువ ఉపయోగపడుతుందని ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ మాట దాచక్కర్లేదు. అయితే సిగరెట్ నుంచి బయటికి రావడానికి కట్టిన తలుపులోంచి లోపలికి వెళ్ళేవాళ్ళూ ఉంటారా అన్నది వేరే ప్రశ్న.

ఉంటారనే లెక్కలు చెబుతున్నాయి. 2015లో లాస్ ఏంజిలస్‌లోని పది ప్రభుత్వ హైస్కూళ్ళలో, అప్పటిదాకా పొగాకు కాల్చి ఎరగని 2,530 మంది విద్యార్థుల మీద ఆడం లెవెంతాల్ బృందం చేసిన పరిశోధన అచ్చయింది. అందులో 222 మంది అప్పటికే ఇ-సిగరెట్ రుచి చూశారు. ఆరు నెలల తర్వాత అడిగితే, వాళ్ళలో నూటికి 30.7 మంది సిగరెట్టో చుట్టో హుక్కానో ఏదో ఒకటి కాల్చారు. ఇ-సిగరెట్ ముట్టనివాళ్ళలో అలా కాల్చినవాళ్ళు 8.1 శాతం. 2017లో సమీర్ సోనేజీ, మరికొందరూ ఇటువంటి తొమ్మిది అధ్యయనాలను, మొత్తం 17,389 మంది యువతీయువకుల వివరాలను కలిపి చూశారు. ఇ-సిగరెట్ తాగినవాళ్ళలో తర్వాత సిగరెట్ మొదలుపెట్టినవాళ్ళు 30.4 శాతం, తాగనివాళ్ళలో 7.9 శాతం. 2018లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు కూడా యువతలో ఈ సంబంధానికి గట్టి ఆధారమే ఉందని తేల్చాయి.

దీనికి ఎదురుగా నిలబడే వాదం కూడా తేలికైనదేమీ కాదు. తెగువ, చిరాకు, ఇంట్లో కష్టాలు, స్నేహితుల ప్రభావం ఉన్న పిల్లలు ఏదో ఒకటి మొదలుపెడతారు. ఇ-సిగరెట్ లేకపోతే నేరుగా సిగరెట్టే పట్టుకునేవాళ్ళు. రెండింటికీ మూలం ఒకటే, ఒకటి మరొకదానికి కారణం కాదు. అక్క మాటల్లో చెప్పాలంటే, "దీని బుద్ధే అంత." పరిశోధకులు ఆ గుణాలన్నింటినీ వీలైనంతవరకు లెక్కలోంచి తీసేసి చూసినా సంబంధం పోలేదు. కానీ మనిషి మనసులో ఉన్నవన్నీ ప్రశ్నపత్రంలోకి ఎక్కవు కదా అంటారు అవతలివాళ్ళు. అదీ నిజమే.

ఇక్కడే నాలోని చరిత్ర టీచరుకు ఒక సందేహం వచ్చింది. పిల్లల బుద్ధిని కొలవడం కష్టమే. తలుపు కట్టినవాళ్ళ బుద్ధిని మాత్రం కొలవొచ్చు. వాళ్ళు కాగితాలు రాసుకున్నారు, ప్రకటనలు వేశారు, డబ్బు ఖర్చుపెట్టారు. అటునుంచి చూస్తే ఏం కనబడుతుంది?

స్వేచ్ఛను అమ్మినవాళ్ళు

1908 జనవరిలో న్యూయార్క్ నగరంలో ఆడవాళ్ళు బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదని నగరపాలకులు ఒక నిబంధన తెచ్చారు. మర్నాడే కేటీ మల్కాహే అనే ఆమె వీధిలో సిగరెట్ వెలిగించి అరెస్టయింది. ఐదు డాలర్ల జరిమానా వేశారు. కొన్నాళ్ళకే మేయర్ ఆ నిబంధనను కొట్టేశాడు. మగవాళ్ళకు లేని నిషేధం ఆడవాళ్ళకెందుకన్న ప్రశ్న అప్పుడు న్యాయమైనదే. ఇప్పటికీ న్యాయమైనదే. ఆ ప్రశ్నను ఎవరు ఎత్తుకుపోయారో చూడండి.

1929 మార్చి 31, ఈస్టర్ ఆదివారం. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో జరిగే ఊరేగింపులో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించుకుని నడిచారు. అవి స్వేచ్ఛా కాగడాలని పత్రికలు రాశాయి. ఆడవాళ్ళకు ఓటు హక్కు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళే. ఆ కాగడాలు ఉద్యమంలోంచి పుట్టలేదు. ఆ ఆలోచన ఎడ్వర్డ్ బెర్నేస్‌ది. ప్రచారమే వృత్తిగా పెట్టుకున్న ఈయన ఫ్రాయిడ్‌కు మేనల్లుడు. ఆయన వెనక ఉన్నది లక్కీ స్ట్రైక్ సిగరెట్లు చేసే అమెరికన్ టొబాకో కంపెనీ. సిగరెట్ ఆడవాళ్ళకు దేనికి ప్రతీక అవుతుందో ఒక మనోవిశ్లేషకుణ్ణి అడిగి తెలుసుకుని మరీ ఈ తతంగం నడిపారు. కంపెనీ పేరు ఎక్కడా బయటికి రానివ్వలేదు. బెర్నేస్ తన గొప్ప తాను బాగా చెప్పుకునే మనిషి, అమెరికా ఆడవాళ్ళకు సిగరెట్ నేర్పింది ఆ ఒక్క ఊరేగింపే అనుకోనక్కర్లేదు. అప్పటికే చాలామంది తాగుతున్నారు. కానీ ఒక ధిక్కారాన్ని సరుకుగా మార్చి అమ్మవచ్చని పొగాకు కంపెనీలు అక్కడ నేర్చుకున్నాయి.

1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వచ్చింది. సిగరెట్ కేన్సర్ తెస్తుందని ప్రభుత్వమే చెప్పింది. నాలుగేళ్ళకు, 1968లో, ఫిలిప్ మోరిస్ కంపెనీ వర్జీనియా స్లిమ్స్ తెచ్చింది. ఆడవాళ్ళ కోసమే చేసిన సన్నని సిగరెట్. ప్రకటనలో పాతకాలపు ఫొటోలు ఉండేవి. చాటుగా పొగ తాగుతూ దొరికిపోయి మొగుడి చేత శిక్ష పడిన ఆడవాళ్ళు. వాళ్ళ పక్కనే నవ్వుతూ నిలబడిన ఆధునిక యువతి. ఎంత దూరం వచ్చేశావమ్మాయ్ అనే అర్థంలో నినాదం. స్త్రీ విముక్తి ఉద్యమం వీధుల్లోకొస్తున్న ఏళ్ళవి. మన మాటలు మనకే తిరిగొచ్చాయి, సిగరెట్ పెట్టె మీద.

ఈ కథలో మనకు ఇబ్బంది కలిగించే సంగతులూ ఉన్నాయి. 1970లో అమెరికాలో ఒక టెన్నిస్ పోటీలో మగవాళ్ళ విజేతకు 12,500 డాలర్లు, ఆడవాళ్ళ విజేతకు 1,500. బిల్లీ జీన్ కింగ్ సహా తొమ్మిది మంది క్రీడాకారిణులు ఎదురు తిరిగి, సొంత పోటీలు పెట్టుకున్నారు. వాళ్ళకు డబ్బిచ్చింది వర్జీనియా స్లిమ్స్. మహిళా టెన్నిస్ ఈనాడు నిలబడిన నేలలో ఆ డబ్బుంది. వాళ్ళను నిందించడానికి నాకు నోరు రాదు. వేరే ఎవరూ ఇవ్వలేదు మరి.

ఇంకో వైపు 'మిజ్' పత్రిక. గ్లోరియా స్టైనమ్, ఆమె సహచరులూ 1972 నుంచి నడిపిన స్త్రీవాద పత్రిక. వాళ్ళు మిగతా సిగరెట్ల ప్రకటనలు వేసుకున్నారు. వర్జీనియా స్లిమ్స్ ప్రకటన మాత్రం ఆ నినాదం వల్ల వద్దన్నారు. ఆ కంపెనీ తన మిగతా సిగరెట్ల ప్రకటనలు కూడా వెనక్కి తీసుకుంది. మొదటి ఏడాదే దాదాపు రెండున్నర లక్షల డాలర్ల నష్టమని 1990లో స్టైనమ్ రాసింది. ఆ ఏడాదే పత్రిక ప్రకటనలన్నింటినీ మానేసింది. చిన్న పత్రికలు నడిపిన మనలో ఎవరికైనా, ఒక వెనక అట్ట ప్రకటన పోతే ప్రెస్సు బిల్లుకు ఎన్ని ఇళ్ళు తిరగాలో తెలుసు.

నాకు అన్నిటికన్నా పెద్ద ఆధారంగా కనబడినది 1994లో వచ్చిన ఒక పరిశోధన. జాన్ పియర్స్ బృందం 1944 నుంచి 1988 దాకా అమెరికా ఆడపిల్లలు ఏ ఏడాది, ఏ వయసులో సిగరెట్ మొదలుపెట్టారో లెక్క తీసింది. పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లల్లో ఆ గీత 1967 ప్రాంతంలో ఒక్కసారి పైకి లేచింది. సరిగ్గా ఆడవాళ్ళ సిగరెట్ల ప్రకటనలు మొదలైన కాలం. 1973 నాటికి పన్నెండేళ్ళ ఆడపిల్లల్లో మొదలుపెట్టేవాళ్ళ రేటు 110 శాతం పెరిగింది. మగపిల్లల్లో ఆ పెరుగుదల లేదు. అందులోనూ ఎక్కువ పెరిగింది ఎవరిలో? జీవితంలో కాలేజీ మెట్లెక్కని ఆడపిల్లల్లో. విముక్తి పేరు చెప్పి అమ్మిన సిగరెట్‌ను, విముక్తి ఫలాలేవీ అందని పిల్లలు ఎక్కువగా కొన్నారన్నమాట.

ఇప్పుడు "అలాంటి పిల్ల" వాదాన్ని దీని పక్కన పెట్టి చూద్దాం. ఆరేళ్ళలో అమెరికా ఆడపిల్లల బుద్ధి రెండింతలు చెడిపోయిందా? వాళ్ళ అన్నదమ్ముల బుద్ధి మాత్రం ఉన్నచోటే ఉందా? మారింది పిల్లలు కాదు, వాళ్ళ ముందు పెట్టిన గడప.  1987లో అమెరికా స్త్రీల మరణాల్లో ఊపిరితిత్తుల కేన్సర్ రొమ్ము కేన్సర్‌ను దాటిపోయింది.

పుచ్చకాయ వాసన

2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జూల్ అనే ఇ-సిగరెట్ మార్కెట్లోకొచ్చింది. పెన్‌డ్రైవ్ ఆకారం, పండ్ల రుచులు, ప్రకటనల్లో ఎగిరి గంతులేసే యువతీయువకులు. అందులోని కిటుకు నికోటిన్ లవణాలు. మామూలు నికోటిన్ ఎక్కువైతే గొంతు మండుతుంది, దగ్గొస్తుంది. మొదటి సిగరెట్ ఎవరికీ బాగుండదు. ఆ బాగుండకపోవడమే చాలామందిని వెనక్కి పంపిన కాపలా. నికోటిన్‌కు ఒక ఆమ్లం కలిపి ఆ మంట తగ్గిస్తే, కొత్తవాళ్ళు కూడా దగ్గకుండా బోలెడంత నికోటిన్ పీల్చగలరు. ఒక్క జూల్ గొట్టంలో ఇరవై సిగరెట్ల పెట్టెలో ఉన్నంత నికోటిన్ ఉంటుందని ఆ కంపెనీయే చెప్పింది.

2011లో అమెరికా హైస్కూలు విద్యార్థుల్లో గత నెల రోజుల్లో ఇ-సిగరెట్ తాగినవాళ్ళు 1.5 శాతం. 2019కి 27.5 శాతం. 2018 డిసెంబర్‌లో ఆల్ట్రియా అనే కంపెనీ 12.8 బిలియన్ డాలర్లు పెట్టి జూల్‌లో 35 శాతం వాటా కొంది. ఆల్ట్రియా అంటే ఎవరో కాదు, 2003లో పేరు మార్చుకున్న ఫిలిప్ మోరిసే. వర్జీనియా స్లిమ్స్ అమ్మిన ఇల్లే. 2023లో ఆ వాటా వదిలేసుకుని బయటికొచ్చింది. పిల్లలకు గాలమేసి అమ్మారన్న కేసుల్లో జూల్ ఆ ఏడాది ఏప్రిల్‌లో కాలిఫోర్నియా, న్యూయార్క్ సహా ఆరు రాష్ట్రాలకు, వాషింగ్టన్ నగరానికి 462 మిలియన్ డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

కథ ఇక్కడే ముగిస్తే నా వాదానికి సుఖంగా ఉండేది. కానీ చరిత్ర అంత సుఖంగా ఉండదు. అదే 2011 నుంచి 2019 మధ్య, అదే హైస్కూలు పిల్లల్లో సిగరెట్ తాగేవాళ్ళు 15.8 శాతం నుంచి 5.8కి పడిపోయారు. 1967 నాటి గీత పైకి లేస్తే, ఈ గీత కిందికి దిగింది. ఇ-సిగరెట్ పిల్లలందర్నీ సిగరెట్‌కు తోలుకుపోతుంటే ఇలా ఎందుకవుతుంది? సిగరెట్ ధరలు పెరగడం, హోటళ్ళలో ఆఫీసుల్లో పొగ నిషేధం, సిగరెట్ అంటేనే మొటుగా అనిపించే కాలం రావడం, ఇవన్నీ ఆ గీతను ముందునుంచే కిందికి లాగుతున్నాయి. కొందరు పిల్లలు సిగరెట్ బదులు ఇ-సిగరెట్ దగ్గరే ఆగిపోయి కూడా ఉంటారు. వాళ్ళతో పాటే, సిగరెట్ జోలికి ఎన్నడూ పోనివాళ్ళు కొందరు ఈ తలుపులోంచి అటు వెళ్ళి ఉంటారు. మొత్తం లెక్క తగ్గుతున్నప్పుడు ఈ కొందరు అందులో కనబడరు. కనబడనంత మాత్రాన లేరని కాదు, మా పిల్ల ఉంది.

పండితులు ఇంకా ఏకమాట మీదికి రాలేదు. 2025లోనే రెండు పెద్ద సమీక్షలు వచ్చాయి, రెండింటి ముందూ స్త్రీలే ఉన్నారు. రచనా బేగ్ బృందం వందకు పైగా అధ్యయనాలు చూసి, ఇ-సిగరెట్ తాగే పిల్లలు తర్వాత సిగరెట్ తాగే అవకాశం ఎక్కువే కానీ, దానికిదే కారణమని గట్టిగా చెప్పడానికి ఆధారం చాలా బలహీనమంది. సూ గోల్డర్ బృందం అంతకుముందు వచ్చిన 56 సమీక్షలను కలిపి చూసి, సంబంధం ఒకే తీరుగా కనబడుతోందనీ, ఇంకా రుజువు కోసం కాచుక్కూర్చోకుండా పిల్లల్ని కాపాడాలనీ అంది.  తేడా ఎక్కడంటే, అనుమానం మిగిలినప్పుడు ఆ భారం ఎవరు మోయాలన్న దగ్గర. అమ్మేవాళ్ళా, పిల్లలా?

అమ్మమ్మ చుట్ట

ఇదంతా చదువుతున్నప్పుడు మా అమ్మమ్మ పదేపదే గుర్తొచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర్లోని పల్లె మాది. అమ్మమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అడ్డపొగ అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. పెదాలు మూసుకుని, నిప్పు లోపల, పొడుగు చుట్ట బయట. ఆ నోటితోనే నాట్లేసేది, వడ్లు దంచేది, నన్ను చంకనేసుకునేది. "గాలికి ఆరిపోదు, బిడ్డ మీద రవ్వ పడదు, సేతులు రెండూ పనికుంటాయి" అనేది. ఆ వాడలో సగం మంది ఆడవాళ్ళు అంతే. ఎవరూ ఆమె శీలాన్ని శంకించలేదు. అది స్వేచ్ఛ అని కూడా ఎవరూ అనలేదు. చాకిరీలో ఒక భాగం, అంతే.

1960ల చివర్లో డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్, బొంబాయి నుంచి మెహతా, వాళ్ళ బృందమూ శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్ళు తెరిపించి చూశారు. నూటికి నలభైకి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మిగతా లోకంలో అరుదుగా కనబడే అంగిలి కేన్సర్ ఇక్కడ ఉందని తేల్చారు. అమ్మమ్మ 1979లో నోటి పుండుతో పోయింది. అమ్మ ఆ జబ్బుకు పేరు పెట్టేది కాదు, "నోరు పాడైపోనాది" అనేది.

అమ్మమ్మకు ఎవరు నేర్పారు? చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "నేర్పడమేటే. మా యమ్మ పొయ్యికాడికెల్లి సుట్ట ఎలిగించి తెమ్మనీది. ఆరిపోకుండా తేవాలంటే దారిలో రెండు పీల్పులు పీల్చాలి గదా" అంది. రోజుకు రెండు మూడుసార్లు, ఎనిమిదేళ్ళ పిల్ల, పొయ్యి నుంచి అరుగు దాకా. అదీ గడపే. ప్రకటనలు లేవు, కంపెనీ లేదు, పెద్దల పనుల్లో ఒకటిగా పిల్ల చేతికొచ్చింది. పన్నెండేళ్ళకు సొంత చుట్ట. అమ్మమ్మ "అలాంటి పిల్ల" అని ఎవరైనా అంటే మా వాడంతా నవ్వి ఉండేది.

అమ్మ చదువుకుంది, చుట్టను మొటు అని అసహ్యించుకుంది. మా ఇంట్లో ఆడవాళ్ళ చేతిలోంచి పొగాకు అలా పోయింది. నాలుగో తరంలో, సముద్రాల అవతల, పండు వాసనతో తిరిగొచ్చింది.

మన దేశంలో ఇ-సిగరెట్లను 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సుతో, డిసెంబర్‌లో చట్టంతో నిషేధించారు. తయారీ, దిగుమతి, అమ్మకం, నిలువ, ప్రకటన అన్నీ నేరమే. సిగరెట్, బీడీ, చుట్ట మాత్రం కిళ్ళీకొట్లో అలాగే ఉన్నాయి. పెద్దగుమ్మం తెరిచిపెట్టి కిటికీ మూసినట్టుంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన స్త్రీలలో పొగ తాగేవాళ్ళు 2 శాతమే, ఏదో రూపంలో పొగాకు వాడేవాళ్ళు 14.2 శాతం. కంపెనీ కళ్ళతో చూస్తే ఆ రెండు శాతం ఇంకా తెరవని మార్కెట్టు. ఆ తలుపు తట్టే రోజున మళ్ళీ మన మాటలే అరువు తెచ్చుకుంటారు. స్వేచ్ఛ, ఎంపిక, నా శరీరం నా ఇష్టం. ఇంకోవైపు మన ఇళ్ళు సంస్కృతి పేరుతో పిల్ల శీలాన్ని తూకమేస్తాయి. ఒకటి అమ్ముతుంది, ఇంకోటి తిడుతుంది. తలుపు కట్టినవాణ్ణి రెండూ అడగవు.

కిందటేడు పిల్లతో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. ఈసారి ఎవరితో తిరుగుతున్నావని అడగలేదు, ఎలా మొదలైందో చెప్పమన్నాను. "మొదట్లో నాకు సిగరెట్ వాసనంటేనే పడేది కాదు పిన్నీ. ఆ మెషిన్ వల్ల పొద్దున లేవగానే ఏదో కావాలనిపించడం మొదలైంది. ఆ కావాలనిపించడం ముందు వచ్చింది, సిగరెట్ తర్వాతొచ్చింది. కాలేజీలో ఒకరోజు నాదగ్గరది అయిపోయింది, రూమ్మేట్ దగ్గర సిగరెట్ ఉంది. అంతే" అంది. కాసేపాగి, "ఆ మెషిన్ లేకపోయినా మొదలుపెట్టేదాన్నేమో, తెలీదు. కానీ అప్పుడు నాకు సిగరెట్ ఎందుకు కావాలి?" అంది. ఒక్క పిల్ల మాట శాస్త్రానికి రుజువు కాదు. అయినా ఆ 'ముందు, తర్వాత'ల మధ్య ఉన్న తేడా దానికి బాగా తెలుసు.

మానడానికి ప్రయత్నిస్తోంది. ఒకసారి నాలుగు నెలలు మానింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ మానింది. మొన్న అక్కకు ఫోన్ చేసి, వంటింట్లో అడిగిన ప్రశ్నకు ఇన్నాళ్ళకు జవాబు చెప్పాను. దాని బుద్ధి కాదక్కా, మెషిన్ ఒక్కటే కూడా కాకపోవచ్చు, కానీ ఆ దారిలో దాన్ని పెట్టినవాళ్ళకు అదెక్కడికి పోతుందో మనకన్నా బాగా తెలుసు అన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెద్దాడు ఇంకా కాలుస్తూనే ఉన్నాడే. వాణ్ణి ఒక్కనాడూ అడగలేదు మనం" అంది.